బాన మీద కాయితం గంప

పెనుకొండలో కొండ కిందుండే ఆ సందుకు ఎవరైనా కొత్తగా బాడుగకు దిగితే, ఇంటి ఓనరు కన్నా ముందు అంజినమ్మే వచ్చి నిలబడేది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఇవన్నీ తర్వాత. ముందు ఆమె చూపు సామాన్లకు చుట్టిన పేపర్ల మీద పడేది. "గ్లాసులకు చుట్టిండేది విప్పినాక పారేయొద్దమ్మా, నాకియ్యి. మంచి గంప చేసిస్తా" అనేది. ఇచ్చినవాళ్ళు మంచోళ్ళు. ఇయ్యకుండా పొయ్యిలో పెట్టినవాళ్ళ మీద ఆమెకు తక్కువంటే ఒక ఏడాది కోపముండేది.

ఏం గంప అంటారా? కాయితం గంప. ఆ పక్క ఆడోళ్ళ చేతులకు తెలిసిన పని. చిత్తుకాయితాలు చించి తొట్లో నానేస్తారు. బాగా నానినాక మెంతులు కలిపి రోట్లో వేసి దంచుతారు. దంచగా దంచగా అది కాయితమని ఎవరూ గుర్తుపట్టలేరు, మెత్తటి గుజ్జు అవుతుంది. కుండను బోర్లించి, దాని మీద తడిగుడ్డ పరిచి, ఆ గుజ్జును అరచేత్తో తట్టుకుంటూ పోవల్ల. సగం ఆరినాక కుండ మీదినుంచి ఊడదీసి, లోపలా బయటా ఇంకొక పూత పూసి ఎండబెడితే గంప తయారు. మెంతుల చేదుకు పురుగు దగ్గరికి రాదు. బియ్యం పోసుకుంటారో పప్పు పోసుకుంటారో మీ ఇష్టం, ఏండ్లకేండ్లు దాని జోలికే పోనక్కర లేదు.

కాయితాల్లో కూడా అంజినమ్మకు మంచివీ చెడ్డవీ ఉండేవి. దినపత్రిక చెప్పిన మాట వింటుంది. పెండ్లిపత్రికలకు పొగరు, వారం నానినా మెత్తబడవు. సినిమా పోస్టర్ల మొగమే చూడగూడదు, రంగు ఇడిచి గుజ్జంతా పాడుచేస్తాయి. పరీక్షలైపోయిన దినం ఆమె గోనెసంచి పట్టుకొని బడి గేటు కాడే ఉండేది. "పాసవుతావా నాయనా? పాసైతే ఈ నోట్సులతో నీకింకేం పని, ఇట్ల తే. ఫెయిలవుతావా? చదివేటోనివైతే ముందే చదివుందువు, ఇట్ల తే." ఎలక్షన్లొస్తే మాత్రం ఆమెకు నిజంగా పండగే. అన్ని పార్టీల కరపత్రాలూ ఒకే తొట్లో నానేసి, ఒకే రోట్లో వేసి దంచేది. "ఐదేండ్లూ కొట్లాడుకుంటారు గదా, నా రోట్లోకొస్తే చూడు ఎంత బాగా కలిసిపోతారో" అని రోకలి వేసేది.

ఆమె మొగుడు చంద్రప్పకు బస్టాండు కాడ టీ హోటలుండేది. హోటలంటే పెద్దదేం కాదు, రెండు బెంచీలు, ఒక పొయ్యి, సాయంత్రమైతే బజ్జీలు. ఆ మొగుడూ పెండ్లాలకు బతుకంతా పేపరు మీదనే పోట్లాట.

"బజ్జీలు కట్టిచ్చేకి పేపరు కావల్లే నాకు" అనేవాడు చంద్రప్ప.

"నూనె అంటితే నాకు పనికిరాదు. విస్తరాకులో కట్టియ్యి."

"బజ్జీలకు విస్తరాకేందే?"

"అయితే చేతిలో పెట్టు. కాలితే వాళ్ళే ఊదుకుంటారు."

ఇంక గోడ అవతల సంగతి. అంజినమ్మ ఇంటికీ, పక్కింటికీ నడుమ నడుమెత్తు గోడ ఒకటుండేది. గోడ అవతల తిప్పమ్మ. ఈమె అంజినమ్మకు తోడికోడలే, చంద్రప్ప అన్న గోవిందప్ప భార్య. పిల్లల్లేరు. ఒక పాడి ఎనుము ఉండేది, దానికి పిల్లల లెక్కన గారాబం. అంజినమ్మా తిప్పమ్మా మాట్లాడుకోక పన్నెండేండ్లయింది. ఎందుకంటే సందంతా చెప్పేది ఒకటే మాట, బాన కోసమని.

అత్త కాలంనాటి మట్టిబాన అది. ఒక మనిషి కూర్చోవచ్చు, అంత పెద్దది. నల్లగా, నున్నగా, వేలితో తడితే ఖంగుమని మోగేది. 1990లో అన్నదమ్ములు భాగాలు పంచుకున్న దినం, చెంబులూ తప్పేలాలూ అన్నీ గొడవ లేకుండానే పోయినాయి. బాన కాడికి వచ్చేసరికి ఇద్దరాడోళ్ళూ చెరొకపక్క పట్టుకొని నిలబడినారు. తిప్పమ్మ పెద్దకోడలు కాబట్టి బాన ఆమెకే పోయింది. అంజినమ్మకు మొదట్నుంచీ ముక్కు మీదే కోపం. ఆ పూట నోటికి ఏదొస్తే అది అనేసి, ఎనిమిదేండ్ల కూతురు వనితను రెక్కపట్టుకొని ఇవతలికి వచ్చేసింది. ఆ వారంలోనే నడుమ గోడ లేచింది.

మరి గోడకు అటొకరు ఇటొకరు ఉంటూ, ఒకరికొకరు ఏమీ చెప్పుకోకుండా బతికేది యాడైతుంది? కొళాయిలో నీళ్ళొస్తే చెప్పల్ల. వానొస్తాంటే ఆరేసిన గుడ్డలు తీయమని చెప్పల్ల. దానికొక దారి కనిపెట్టినారు. అంజినమ్మ తన కోడితో మాట్లాడేది. తిప్పమ్మ తన ఎనుముతో మాట్లాడేది.

"ఏమే కోడీ, కొళాయిలో నీళ్ళొచ్చిండాయి. నిద్రపొయ్యేటోళ్ళు ఇంకా నిద్రపోతానే ఉండారు" అని ఇటుపక్కనుంచి.

"ఎనుమా, నీళ్ళొచ్చింది నాకెప్పుడో తెలుసు. ఒకరొచ్చి లేపల్లనా?" అని అటుపక్కనుంచి. అంటూనే బిందె చంకన పెట్టుకొని పరుగో పరుగు.

అన్నదమ్ములకు ఈ గొడవేం పట్టేది కాదు. పొద్దున్నే హోటల్లో కూర్చొని, "మీ కోడి ఏమంటాందప్పా?" అని గోవిందప్ప అడిగితే, "మీ ఎనుమును అడుగు పోన్నా" అని చంద్రప్ప టీ చేతికిచ్చేవాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళు.

వనిత పెద్దదయింది, పెండ్లయింది, ధర్మవరం పోయింది. అల్లుడు జయచంద్ర పట్టుచీరలు నేస్తాడు, నెమ్మదస్తుడు. అత్త రమాదేవి కూడా చెడ్డ మనిషేం కాదు, నోరే కొంచెం. ఆ ఇంట్లో వనిత పని పట్టుదారాన్ని కండెలకు చుట్టి, ఆ చిన్న చిన్న కండెల్ని గంపలో పెట్టి మగ్గం కాడికి అందించేది. గంప వెదురుది. వెదురు పేడు ఎక్కడో ఒకచోట లేస్తుంది, పట్టుదారం దానికి తగులుకుంటుంది, తెగుతుంది. తెగినప్పుడల్లా రమాదేవి, "టీగ్లాసులు కడిగిన చేతికి పట్టు పట్టుకునేది యాడ తెలుస్తుందిలే" అనేది.

2002లో, వానల్లేని ఆ సంవత్సరం, పుట్టింటికొచ్చినప్పుడు వనిత ఈ మాటను నవ్వుకుంటానే చెప్పింది. అత్త మాదిరి మూతి తిప్పి చూపించింది కూడా. చంద్రప్ప నవ్వినాడు. అంజినమ్మ నవ్వలేదు. ఆమెకు ఒళ్ళంతా మండిపోయింది. బిడ్డ చెయ్యిని అంటుందా! కాయితం గంపకు పేడుండదు, ఈనె ఉండదు. లోపల మెంతిగుజ్జు పూసి నున్నగా రుద్దితే పట్టుదారం తగులుకునేకి చోటే లేదు. వెడల్పాటి గంపొకటి, ధర్మవరంలో ఎవరి మగ్గం కాడా లేనంతది చేసి, తన నెత్తిన పెట్టుకొని పోయి, రమాదేవి ఎదురుగ్గా దించల్ల. దించి ఒక్క మాటే అనల్ల: "టీగ్లాసులు కడిగిన చెయ్యే చేసింది వదినా." అంతకు మించి ఒక్క ముక్క అనగూడదు. అంట్లు తోముకుంటూ, గుజ్జు దంచుకుంటూ ఆ మాటను అంజినమ్మ ఎన్నిసార్లు అనుకొని చూసుకుందో! ఒకసారి కోపంగా, ఒకసారి నవ్వుతా, ఒకసారి ఏమీ ఎరగనట్లు. ఏమీ ఎరగనట్లు అనేదే బాగుందనిపించింది.

గుజ్జు తయారయింది గానీ, అంత గంపకు తట్టే కుండ ఏది? ఇంట్లోవన్నీ చిన్న కుండలే. చంద్రప్ప హిందూపురం పోయినప్పుడు ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు కొనుక్కొచ్చినాడు. దాని మీద ఎంత తట్టినా గుజ్జు నిలబడలేదు, జారి జారి అడుగున కుప్పబడింది. "దుడ్లు దండగ" అని అంజినమ్మ ఆ టబ్బును తవుడు కలిపేకి పెట్టింది. తట్టేకి సరిపోయేది ఆ చుట్టుపక్కల ఒకటే ఉండాది. అది గోడ అవతలుండాది.

రెండు దినాలు గింజుకుంది. మూడోనాడు గోడకాడికి పోయి కోడికి నూకలు చల్లుతా, గొంతు పెంచింది. "ఏమే కోడీ, ధర్మవరంలో మన వనితకు కండెలు పెట్టుకునే గంప కావల్లంట. వెదురుగంపకు దారం తెగుతాందని అత్త నానా మాటలూ అంటాందంట. పెద్ద బానొకటి ఉంటే ఒక్క పూటలో తట్టేద్దును. ఎవరింట్లో ఉండాదో ఏమో, నాకేం తెలుసు."

అవతలినుంచి జవాబు లేదు. ఎనుముతో కూడా ఒక మాట అనలేదు తిప్పమ్మ. సాయంత్రం దాకా ఏ చప్పుడూ లేదు. "అడిగి తప్పు చేస్తినే" అని అంజినమ్మ మొగుని మీద ఎగిరింది, ఆయనేదో అడగమన్నట్టు.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే వాకిట్లో బాన. శుభ్రంగా కడిగి, బోర్లించి ఉండాది. గోడ అవతల తిప్పమ్మ పేడ ఎత్తుతా, "ఎనుమా, పోయిన వస్తువు పోయినట్టే రావల్ల. చెప్పు" అనింది.

అంజినమ్మ చీర దోపుకొని కూర్చుంది. తడిగుడ్డ పరిచింది. తట్టడం మొదలుపెట్టింది. బోర్లించిన బానకు తట్టేటప్పుడు ఒక పద్ధతుండాది. అడుగునుంచి మొదలుపెట్టి కడుపు దాకా రావల్ల, ఆడ ఆపేయల్ల. కడుపు దాటి మూతిపక్కకు పోతే బాన మళ్ళీ సన్నబడుతుంది గదా, అప్పుడు గంప దాన్ని కౌగిలించుకుంటుంది, ఊడిరాదు. ఇది అంజినమ్మకు తెలీదా? పదేండ్ల వయసులోనే తెలుసు. కానీ చెయ్యి కడుపు దాకా వచ్చినాక ఆగలేదు. గంప ఇంకా లోతుంటే బాగుండు, ఇంకా లోతుంటే రమాదేవి నోరెళ్ళబెడుతుంది అనిపించింది. "ఇంకొక నాలుగు వేళ్ళు. తడిమీద ఉన్నప్పుడే మెల్లగా గుంజేస్తే వచ్చేస్తుందిలే" అని తనకు తానే చెప్పుకొని కిందికి తట్టేసింది. రేపు మధ్యాన్నానికి సగం ఆరుతుంది, అప్పుడు ఊడదీయల్లని అనుకుంది.

రేపు మధ్యాన్నానికి ఏమయిందంటే, బాబయ్యస్వామి దర్గాలో ఉరుసు. యాడయాడి జనమో బస్సులు దిగుతాండారు. హోటల్లో పనిచేసేటోడు జ్వరమని రాలేదు. "గంటసేపు వచ్చి బజ్జీలు ఎయ్యవే" అని చంద్రప్ప పరిగెత్తుకొచ్చినాడు. గంటసేపంటే నమ్మి పోయింది మహాతల్లి. ఒక బాండ్లి దించితే ఇంకొక బాండ్లి. శనగపిండి అయిపోతే మళ్ళీ తెప్పించినారు. మధ్యలో రెండుసార్లు "గంప, గంప" అని లేచింది, లేచినప్పుడల్లా ఇంకొక బస్సు వచ్చింది. బయట ఎండ పెనం మాదిరి ఉండాది. దీపాలు పెట్టేవేళకు ఇంటికొచ్చి, కాళ్ళన్నా కడుక్కోకుండా గంప మీద వేలితో తట్టి చూసింది. ఠంగుమనింది.

ఎండకు పూర్తిగా ఆరి బిగుసుకుపోయిండాది. పట్టుకొని తిప్పింది, రాలేదు. చంద్రప్పను పిలిచి బానను పట్టుకోమని తాను గంపను గుంజింది. తర్వాత ఆయన గుంజినాడు, ఈమె పట్టుకుంది. ఇద్దరూ వెల్లకిలా పడినారే గానీ గంప మాత్రం కదల్లేదు. నీళ్ళతో తడిపితే మళ్ళీ గుజ్జే, పడిన కష్టమంతా తొట్లో పోసినట్టే. గంప కావల్లంటే బాన పగలగొట్టల్ల. బాన కావల్లంటే గంప కోయల్ల.

"రేపు చూద్దాంలే" అన్నాడు చంద్రప్ప.

"రేపు చూసేకి ఏముండాది? పరాయి వస్తువు! పోయిన వస్తువు పోయినట్టే రావల్లనింది" అని అంజినమ్మ ఏడ్చింది. పన్నెండేండ్లు దక్కనీయకుండా పెట్టుకున్న బాన, బిడ్డ పేరు చెప్తూనే కడిగి వాకిట్లో పెట్టింది. దాన్ని పగలగొట్టిస్తే ఇంక ఏ మొగం పెట్టుకొని ఆ గోడ పక్కన బతికేది? గంపనే కోసేయల్ల. ఇంక ధర్మవరమూ లేదు, ఏమీ లేదు.

పొద్దున్నే వాకిట్లో కూర్చొని కొడవలి తీసుకుంది. గంప అంచుమీద కొడవలి ఆనించి, కోయలేక, "నా పీనుగెల్ల, నాలుగు వేళ్ళకు ఆశపడితి గదా" అని తనను తానే తిట్టుకుంటాంది. అంతలో గేటు చప్పుడైంది. తల ఎత్తితే తిప్పమ్మ. పన్నెండేండ్లలో తొక్కని గడప తొక్కి, చరచరా వచ్చి కొడవలి చేతిలోనుంచి లాక్కుంది.

"బిడ్డకు చేసినదాన్ని కోస్తావేమే, నీకేమన్నా తల తిరిగిందా?"

నేరుగా అడిగింది. నడుమ కోడీ లేదు, ఎనుమూ లేదు.

"మరి బానక్కా?" అనింది అంజినమ్మ.

తిప్పమ్మ కొడవలిని దూరంగా విసిరేసింది. బానను గంపతో సహా పక్కకు దొర్లించి, మూతి పైకి తిప్పి నిలబెట్టింది. గోడకు ఆనించిన రోకలి తీసుకుంది. అంజినమ్మ "వద్దక్కా, వద్దక్కా" అని చెయ్యి పట్టుకునేలోపల బాన లోపలికి ఒక్క పోటు పొడిచింది. బాన మోగింది గానీ పగల్లేదు. పాతకాలంది గదా, గట్టిది. ఇంకొక పోటు పొడిచింది. ఈసారి పెళ్ళుమనింది. తర్వాత ఇద్దరూ కూర్చొని పెంకులు ఒక్కొక్కటే బయటికి తీసినారు. గంప చెక్కుచెదరకుండా వచ్చింది. చిన్నపిల్లను కూర్చోబెట్టినా సరిపోతుంది, అంత లోతుండాది.

అంజినమ్మకు ఏడుపు ఆగలేదు. "ఈ బాన కోసమే గదక్కా పన్నెండేండ్లు నాతో మాట్లాడకపోతివి. నీ చేత్తోనే పగలగొడితివే."

"బాన కోసమా? ఎవరే చెప్పింది నీకు?" అని తిప్పమ్మ చేతిలోని పెంకును కింద పెట్టింది. "ఆ దినం పోట్లాటంతా అయిపోయినాక నేను అరుగు మీద కూర్చోనుంటి. వనిత ఏడ్చి ఏడ్చి నా ఒళ్ళో నిద్రపోయిండె. నువ్వొచ్చి నిద్రపొయ్యే బిడ్డను రెక్కపట్టి గుంజితివి. 'నా బిడ్డను నాకిచ్చేయ్, నీది కాదు' అంటివి. బాన అడిగుంటే ఆ నిమిషమే ఇచ్చేసుందును. ఇంత బాన నిండేకి నా ఇంట్లో ఎవరుండారే?"

తిప్పమ్మ పెంకుల్ని ఒకచోటికి చేర్చింది.

"తర్వాత బిడ్డ గోడకాడికొచ్చి పెద్దమ్మా పెద్దమ్మా అని పిలిచేది. మీ యమ్మ కొడుతుంది పో అని నేనే పంపించేస్తి. నాది కాదంటివి గదా. కొన్నాళ్ళకు పిలిచేది మానేసింది."

ఆ మాట అన్నట్టే అంజినమ్మకు గుర్తులేదు. ఆ పూట అన్న వంద మాటల్లో అదీ ఒకటై ఉంటుంది. పన్నెండేండ్లూ తాను బాన గురించే కుళ్ళిపోయింది, అక్కను పిసినారనింది, ఊర్లో కనబడినోళ్ళందరికీ ఆ కథే చెప్పింది. సిగ్గుతో ఆమె తల పైకి లేవలేదు. తిప్పమ్మే లేచి, చెంగుతో మొగం తుడుచుకొని, "లోపల పూత సరిగ్గా పుయ్యి. పట్టుకు చిన్న గరుకు కూడా ఉండగూడదు" అని చెప్పి పోయింది.

గంప ఆరింది. అంచుకు గుడ్డ కుట్టింది, లోపల గాజుసీసాతో రుద్ది రుద్ది అద్దం చేసింది. ధర్మవరం పోవల్లనుకున్న దినం చంద్రప్ప కొత్తచొక్కా వేసుకొని, "ఏమే, తెమిలినావా? బస్సొస్తుంది" అని కేకేసినాడు. అంజినమ్మ పాతచీరలోనే ఉండాది. గంపెత్తుకొని గోడకాడికి పోయింది.

"అక్కా, మంచి చీర కట్టుకో. నువ్వు పోతాండావు ధర్మవరానికి."

"నేనా? నేనెందుకే? పోతే ఇద్దరం పోదాం."

"ఇద్దరం పోతే నీ ఎనుముకు నీళ్ళెవరు పెడతారు? నువ్వే పో."

"రమాదేవి నువ్వెవరని అడిగితే?"

"వనిత పెద్దమ్మనని చెప్పు" అనింది అంజినమ్మ. గంపను గోడ మీద పెట్టి మళ్ళీ అనింది. "నా బిడ్డకు తెచ్చినానని చెప్పక్కా. అట్లే చెప్పు, నా బిడ్డకు అని."

తిప్పమ్మ గంపను గోడ మీదుగా అందుకుంది. తర్వాత లోపలికి పోయి చీర మార్చుకొనొచ్చింది.

చెన్నేకొత్తపల్లి మీదుగా పొయ్యే బస్సెక్కించినారు. అంత గంపను చూసి కండక్టరు, "లగేజీ కొట్టాలమ్మా, దాంట్లో ఏముండాది?" అన్నాడు. "ఏమీ లేదప్పా, వంగి చూసుకో" అని తిప్పమ్మ గంపను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. వాడు నిజంగానే వంగి చూసినాడు. బస్సంతా నవ్వింది. చంద్రప్ప కొత్తచొక్కా మీదనే పోయి టీ కాసుకున్నాడు.

అంజినమ్మ ఆ పొద్దంతా కుదురుగా లేదు. ఎనుముకు నీళ్ళు పెట్టింది, కుడితి పెట్టింది, పాలు పిండబోతే అది తన్నింది. రమాదేవి మొగం ఎట్లుండిందో, గంపను ఏమనిందో, తాను అనల్లనుకున్న మాట ఎవరూ అనలేదే అని లోపల ఒకటే పీకులాట. సాయంత్రం హోటలు పక్కనుండే ఎస్టీడీ బూతాయన, "అంజినమ్మక్కా, ధర్మవరం ఫోను" అని పిలిచినాడు. చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తింది.

"వనితా! పెద్దమ్మ చేరిందా? గంప ఎట్లుండాదే? మీ యత్త ఏమనింది?"

"గంప ఇంకా చూడలేదమ్మా" అనింది వనిత. గొంతు బొంగురుపోయుండాది. "మా అత్త చూస్తాంది ఆడ. నేను ఫోను కిందికి దించుకొని, పెద్దమ్మ ఒళ్ళో తల పెట్టుకొని పండుకోనుండా."

అంజినమ్మ ఫోనును రెండు చేతుల్తో పట్టుకుంది. బూతాయన గడియారం వైపు చూసినాడు.

"పండుకో తల్లీ" అనింది కడాకు. "తొందరగా లేయొద్దు. పండుకో."